నక్కపిల్ల కాసిన చెలమ

ఆ ఏడు ఎండలు మామూలు ఎండలు కావు. ఉగాది వెళ్లీ వెళ్లకముందే వాగులో నీళ్లు పోయి ఇసక మిగిలింది. అడివి అంచున బతికే జీవాలన్నిటికీ దిక్కు ఒక్కటే, వాగు మలుపులో పోలవ్వ తవ్విన చెలమ. ఇసకలో గుంట తీస్తే అడుగున ఊరే ఆ కాసిని నీళ్లే వానలొచ్చేదాకా అందరి ప్రాణాలూ నిలబెట్టాలి. పోలవ్వ అంటే ముసలి గాడిద. మోయాల్సిన బరువులన్నీ మోశాక, ఇక నీతో పనిలేదు పొమ్మంటే వచ్చి ఈ ఒడ్డున పడింది.

చెలమ దగ్గర కొన్ని కట్టుబాట్లున్నాయి. అక్కడ ఎవరూ ఎవర్నీ వేటాడకూడదు. వరసలో రావాలి. పొట్ట మీద పడుకుని, మెడ చాపి తాగాలి తప్ప అంచు తొక్కకూడదు, తొక్కితే ఇసక జారి గుంట పూడిపోతుంది. ఒకరు తాగాక నీళ్లు మళ్లీ ఊరేదాకా రెండోవాళ్లు ఆగాలి. చెలమ కాసేవాళ్లు అందరి తర్వాత తాగాలి. ఈ అయిదు ముక్కలూ చెప్పీ చెప్పీ పోలవ్వకి నోరు నొప్పి పుట్టింది.

ఆ నొప్పిలో ముప్పాతిక వంతు సుంకుడి పుణ్యమే. సుంకుడు వయసుకొస్తున్న గుంటనక్క. తల్లీ తండ్రీ లేరు, అదుపూ లేదు. అందరికన్నా ముందొచ్చి కడుపునిండా తాగేవాడు, అంచు తొక్కి సగం గుంట పూడ్చేవాడు. ఎవర్రా ఈ పని చేసింది అంటే కుందేళ్లే అవ్వా, నా కళ్లతో చూశాను అనేవాడు. అనడం కూడా మోకాళ్లదాకా తడి ఇసక అంటుకున్న కాళ్లతో నిలబడి అనేవాడు. అబద్ధమాడితే ఆడాడు, ఆ కాళ్లయినా దులుపుకోవచ్చు కదా అని పోలవ్వకి అదో మంట.

చివరికి ఓ రోజు అందరూ పోలవ్వ చుట్టూ చేరారు. కుందేళ్లు ఏడుపు మొహాలు పెట్టుకున్నాయి. మంద తప్పిపోయి వచ్చిన చూలు మేక బొల్లి అందరి తరఫునా మాట్లాడింది. తను ఇవాళో రేపో ఈనేలా ఉందనీ, పూడిన గుంట దగ్గర గంటలకొద్దీ నిలబడడం తనవల్ల కాదనీ, ఈ దొంగ వెధవని కొండ అవతలికి తరిమేయాల్సిందేననీ చెప్పింది. కొండ అవతల చుక్క నీరు లేదు. తరమడమంటే చంపడమేనని అక్కడున్న అందరికీ తెలుసు. తెలిసే అందరూ తలలూపారు. సుంకుడు మాత్రం తోక కాళ్ల మధ్య పెట్టుకుని పోలవ్వ వంక చూశాడు.

ఆ చూపు చూసి పోలవ్వకి ఒళ్లు మండింది. వీణ్ణి తరమడానికి మనసు రాదు, రోజంతా కాపలా కాయడానికి మోకాళ్లు సహకరించవు. అయినా ఈ ముసలితనంలో నాకెందుకొచ్చిన పీడ ఇది అనుకుంది.

"సరే, రేపట్నించి చెలమ కాసేది వీడే, నేను వీణ్ణి నమ్ముతాను" అంది.

అందరూ ఒక్కసారే మాట్లాడారు. పోలవ్వకి ఎండదెబ్బ తగిలిందని కుందేళ్లు గుసగుసలాడుకున్నాయి, బొల్లి అయితే మొహం మీదే అనేసింది. పోలవ్వ చెవులు రెండూ వెనక్కి వాల్చి, నిజమే, నాకు బుద్ధి లేదు, ఇక పొండి అని అందర్నీ పంపేసింది.

మొదటి రోజు ఏం జరగాలో అదే జరిగింది. సుంకుడు ఎవరూ రాకముందే పొట్ట పగిలేలా తాగాడు. ఆ తర్వాత మహా నిష్ఠగా అందర్నీ వరసలో నిలబెట్టి, నువ్వు వెనక్కి, నువ్వు ముందుకి అంటూ పెత్తనం చేశాడు. చివరికి పోలవ్వ వంతు వచ్చింది.

"తాగావట్రా?" అని అడిగింది పోలవ్వ.

"చుక్క ముట్టలేదవ్వా. కాసేవాడు ఆఖర్న తాగాలి కదా."

మీసాల చివర్లనించి ఇంకా నీళ్లు కారుతూనే ఉన్నాయి. పోలవ్వ ఆ మీసాల వంకే చూసింది. నాలుగు తన్నాలని కాళ్లు దురద పెట్టాయి. కానీ నమ్ముతానని అందరి ముందూ అన్న మాట ఒకటి ఏడ్చింది కదా.

"అయ్యో, పొద్దుట్నించీ ఎండలో నిలబడ్డావు, గొంతు ఎండిపోయుంటుంది. నా వాటా కూడా నువ్వే తాగు" అని పక్కకి జరిగింది.

సుంకుడికి తాగక తప్పింది కాదు. నిండిన పొట్టలో మళ్లీ నీళ్లు పోస్తుంటే వెక్కిళ్లొచ్చాయి, కళ్లనీళ్లొచ్చాయి. పోలవ్వ పొడినోటితో నడిచిపోయి, ఒడ్డున ఎండిన గడ్డిపరక ఒకటి నములుతూ కూర్చుంది. ఆవిడ నాలుక బయటపెట్టి పెదాలు తడుపుకోవడం వాడు చెలమ దగ్గర్నించి చూశాడు. పోలవ్వకి లోపల ఉడికిపోతూనే ఉంది. తన దాహాన్నీ, వీడి అబద్ధాన్నీ, తన మంచితనాన్నీ మూడింటినీ కలిపి తిట్టుకుంది.

మర్నాడూ అదే ప్రశ్న, అదే జవాబు, అదే వాటా. కానీ ఆ రోజు వాడు సగమే తాగి, ఇక చాలవ్వా అని లేచాడు. ఆ మర్నాడు పోలవ్వ వచ్చేసరికి అంచంతా తడిపి, గట్టిగా అదిమి ఉంది. తాగావట్రా అంటే లేదన్నాడు. మీసాలు పొడిగా ఉన్నాయి. అవాళ ఇద్దరూ చెరిసగం తాగారు. పోలవ్వ మెచ్చుకోలేదు, ఈ పని ముందే ఏడవొచ్చు కదా అని మాత్రం సణిగింది.

ఇంతలో సుంకుడి మేనమామ కొండ్రయ్య దిగబడ్డాడు. ముసలి నక్క, కొండ అవతల గుంటలెండిపోయి ఇటొచ్చాడు. అల్లుడు చెలమ కాస్తున్నాడని తెలిసి వాడికి పండగే అయింది. రేపు అందరూ వచ్చాక చిరుతపులి వచ్చిందని అరవరా అల్లుడూ, అందరూ పారిపోతారు, చూలు మేక పరిగెత్తలేదు, మేక నాకు, నీళ్లు మనిద్దరికీ అని చెవిలో ఊదాడు. సుంకుడు సరే మామా అన్నాడు. అని, నేరుగా వెళ్లి పోలవ్వకి అంతా చెప్పేశాడు.

అక్కడే ఉన్న బొల్లి నమ్మలేదు. వీడి నోట నిజం ఎప్పుడొచ్చింది గనక, ఇదే అసలు ఎత్తు అయుంటుంది, నా ప్రాణం మీదికి తెస్తున్నాడు అంది. కుందేళ్లు అవునంటే అవునన్నాయి. పోలవ్వకి విసుగు నెత్తికెక్కింది.

"వీడు అబద్ధమాడినన్నాళ్లూ నమ్మి నోరెండబెట్టుకున్నాను. నిజం చెప్పిన రోజున నమ్మకపోతే నా దాహమంతా దండగ కాదూ? ఏం చేద్దామంటావో చెప్పరా" అంది.

సుంకుడు చెప్పాడు. ఆ సాయంత్రమే అందరూ కలిసి చెలమని రెల్లుతో కప్పేశారు. పక్కనే ఇంకో గుంట తీశారు. లోతుగానే తీశారు గానీ, అంచు తడపలేదు, అదమలేదు.

పొద్దున్నే సుంకుడు చిరుత, చిరుత అని అరిచాడు. అందరూ రెల్లుపొదల్లోకి పరిగెత్తారు. బొల్లి ఒక్కతే ఒడ్డున కూలబడింది, భయం మాత్రం నిజంగానే పడింది. అవతలి ఒడ్డు పొదలోంచి కొండ్రయ్య నాలుక వేలాడేసుకుని వచ్చాడు. మేక ఎక్కడికీ పోదు, ముందు గొంతు తడుపుకో మామా, ఇదిగో కొత్త చెలమ అన్నాడు సుంకుడు. దాహం మీదున్నవాడికి వరసేమిటి, అంచేమిటి. ఒక్క దూకు దూకాడు. నాలుగు పక్కలా ఇసక జారి మెడదాకా కూరుకుపోయాడు. నీళ్లు ముక్కుకి జానెడు దూరంలో ఉన్నాయి, నాలుక చాపినా అందలేదు.

అప్పుడు అందరూ చుట్టూ వచ్చి నిలబడ్డారు. కొండ్రయ్య పోలవ్వని చూశాడు, అల్లుణ్ని చూశాడు.

"ఓ గాడిద కోసం సొంత మేనమామని పూడ్చిపెట్టావట్రా?"

"నా మీసాలు తడిగా ఉండడం చూసి కూడా తన నీళ్లు నాకిచ్చింది మామా. ఆవిడకి ఇంకో అబద్ధం ఎట్లా చెప్పమంటావు?"

పోలవ్వ మొహం పక్కకి తిప్పుకుని గట్టిగా కసిరింది, ఊరికే నిలబడి మాట్లాడకపోతే ఆ ముసలాణ్ని బయటికి లాగొచ్చు కదా అని. అందరూ కలిసి లాగారు. కొండ్రయ్య చెవుల్లోంచి ఇసక రాల్చుకుంటూ, ఇక తరిమేస్తారేమో అని నిలబడ్డాడు.

"నీళ్లు కావాలని అడిగుంటే మొదటి రోజే ఇచ్చేదాన్ని కదయ్యా, ఎందుకింత గొడవ? పో, వరసలో నిలబడు" అంది పోలవ్వ.

కొండ్రయ్య వెళ్లి ఆఖరి కుందేలు వెనక నిలబడ్డాడు. వానలు పడేదాకా రోజూ అక్కడే నిలబడ్డాడు. ఆ కుందేలు రోజూ వెనక్కి తిరిగి, చిరుత ఎప్పుడొస్తుంది మామా అని అడిగేది. బొల్లి ఆ వారంలోనే ఈనింది. పిల్లకి మొదటిసారి పొట్ట మీద పడుకుని తాగడం నేర్పింది సుంకుడే.

నమ్మేవాళ్లకి విసుగు తప్పదు గానీ, తెలిసీ నమ్మినవాళ్ల ముందు ఎంతటి అబద్ధాలకోరుకైనా నోరు పెగలదు.