మా ఆయన గొడుగు అడిగారు

తెలివి విషయంలో మా ఇంటికి వంక పెట్టేవాళ్ళు మా వీధిలో లేరు. చెప్పిన మాట చెప్పినట్టు చెయ్యడం మా అత్తింటివాళ్ళ రక్తంలోనే ఉంది. మా మామగారిని ఎవరో "ఇక్కడే ఉండండి, ఇప్పుడే వస్తా" అంటే మూడు రోజులు అక్కడే ఉన్నారట. నేను బయటినుంచి వచ్చినదాన్నే. అయినా అలవాటైపోయింది.

మా ఆయన తాతారావుగారికి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు, మాట పడిపోయాయి. పద్దెనిమిది రోజులకి ఇంటికి పంపారు. కాలూ చెయ్యీ మెల్లగా వస్తాయన్నారు. నాకు మాట కావాలి. ఇరవై తొమ్మిదేళ్ళు రోజుకి నలభై సార్లు "వరాలూ" అని పిలిచిన మనిషి. ఒక్కసారి పిలిస్తే చాలు.

మేం ఇంటికి వచ్చేముందు ఆసుపత్రిలో మాటలు నేర్పే అమ్మాయి చెప్పింది. "సైగ చేస్తే ఇవ్వకండి. నోటితో అడిగిందే ఇవ్వండి. అప్పుడే మాట వస్తుంది."

"మాకు చెప్పాలా అమ్మా!" అన్నాడు మా అబ్బాయి సత్తిబాబు.

ఇంటికొచ్చి మంచమ్మీద కూర్చోబెట్టాం. ఆయన ఎడమ చేత్తో నీళ్ళ కూజా చూపించి, "గొడుగు" అన్నారు.

ఇంకేముంది! మాటొచ్చింది. కోడలు నూకరత్నం ఏడ్చేసింది. సత్తిబాబు పరిగెత్తి గొడుగు తెచ్చి చేతికిచ్చాడు. ఆయన విసిరేశారు.

"గొడుగు!" మళ్ళీ కూజా చూపించారు.

"మావయ్యగారికి ఇది నచ్చలేదు. పిడి వంకరగా ఉంది కదా," అంది నూకరత్నం.

అంతే, పక్కింటివాళ్ళ గొడుగు తెచ్చాం. అదీ విసిరేశారు. ఎదురింటివాళ్ళది తెచ్చాం. బజారుకెళ్ళి పూలది కొత్తది తెచ్చాం.

"కూజా చూపిస్తున్నారేమోరా," అన్నాను.

"సైగ చూడొద్దన్నారు కదమ్మా," అని సత్తిబాబు కూజా తీసి వంటింట్లో పెట్టేశాడు. చూపించడానికి ఏమీ లేకపోతే నోరు విప్పుతారని.

కాసేపటికి ఆయన స్నానాలగది వైపు చెయ్యి ఊపుతూ "గొడుగు, గొడుగు" అన్నారు. నాలుగూ తెరిచి నెత్తిమీద పట్టుకున్నాం. పక్క తడిసిపోయింది.

"చూశావా అమ్మా! తడుస్తుందని నాన్నకి ముందే తెలుసు. తెలివి కూడా తిరిగొచ్చింది," అన్నాడు సత్తిబాబు.

అన్నం వేళకీ అదే మాట. నూకరత్నం గొడుగు మడిచి కంచంలో పెట్టి తెచ్చింది. ఆయన దాన్ని చూశారు. తర్వాత నన్ను చూశారు.

పొద్దుట్నుంచి ఆయన గొంతులో చుక్క పడలేదు. భయమేసి ఆ అమ్మాయికి ఫోన్ చేశాను. జరిగిందంతా చెప్పాను.

"అయ్యో, ఆయనకి మాటలు తారుమారవుతున్నాయమ్మా. ఆయన అనేది ఒకటి, కావలసింది ఇంకొకటి. ముందు నీళ్ళు పట్టండి!"

పట్టాం. చెంచాతో రెండు గ్లాసులు తాగారు. సత్తిబాబు సుద్దముక్కతో గోడమీద పెద్ద అక్షరాలతో రాశాడు. "నాన్న అడిగింది నాన్నకి అక్కర్లేదు."

మర్నాడు "కాఫీ" అన్నారు. కాఫీ తప్ప ఇంట్లో ఉన్నవన్నీ తెచ్చి పెట్టాం. రోకలితో సహా.

నాలుగో రోజు కాలికి నూనె రాస్తున్నాను. ఆయన నా వైపు తిరిగారు. పెదవి వంకరపోయింది. గొంతు కదిలింది.

"వ... వరాలూ."

నా చెయ్యి ఆగిపోయింది. సత్తిబాబు గోడ వైపు చూశాడు.

"అమ్మా, నాన్నకి నువ్వు అక్కర్లేదు."

"అవునురా," అన్నాను. రాసి ఉంది కదా.

"ఏమనుకోకండి అత్తయ్యగారూ, కాస్త బయటికెళ్ళండి," అంది నూకరత్నం.

వెళ్ళి గుమ్మం అవతల నిలబడ్డాను. లోపల్నుంచి "వరాలూ!" అని ఇంకా గట్టిగా వచ్చింది.

"ఇంకొంచెం దూరం వెళ్ళమ్మా! అస్సలు వద్దంటున్నాడు!" అని సత్తిబాబు కేకేశాడు.

వీధి చివరిదాకా వెళ్ళాను. అక్కడికీ వినబడుతోంది. ఒక్క అక్షరం తడబడటం లేదు. ఎంత బాగా పిలుస్తున్నారో!

కళ్ళు తుడుచుకున్నాను. బస్సొస్తే ఎక్కేశాను.