మూడోనాటి ఆవకాయ

ఏ రాజ్యమైతే మనకేం గానీ, ఒకానొక రాజ్యాన్ని ప్రచండవర్మ అనే మహారాజు ఏలేవారు. మనిషి మంచివారే. తొందర మాత్రం మా చెడ్డ తొందర. ఎదుటివాడు నోరు తెరిచేసరికి ఈయన తీర్పు చెప్పేసేవారు. పైగా, "మా ఆజ్ఞ ఒకసారి వెలువడితే వెనక్కి పోదు" అని మీసం మెలేసేవారు.

ఒక వేసవిలో వంటవాడు చిట్టెయ్య ఆవకాయ కలిపి, జాడీకెత్తి, మూతకు గుడ్డ కట్టాడు. ఘాటు కొలువుదాకా కొట్టింది. ఇంకేం, రాజుగారు కాళ్లకు చక్రాలు కట్టుకున్నట్టు వంటింట్లోకి వచ్చిపడ్డారు.

"ప్రభూ, మూడోనాడు తిరగ కలిపాక..." అంటూనే ఉన్నాడు చిట్టెయ్య. రాజుగారు మూత లాగేసి, ముక్క నోట్లో వేసుకున్నారు.

ఊరని ముక్క, పచ్చి ఆవపిండి, కరగని ఉప్పు. చేదు నషాళానికంటింది.

"విషం పెట్టాడు వీడు. ఉన్నపళంగా ఉరి తీయించు" అన్నారు, వెనకే వచ్చిన మల్లుభట్టుతో. ఆస్థానంలో హాస్యానికీ సలహాకీ ఆయనే.

వంటింట్లో అందరూ కొయ్యబారిపోయారు. మల్లుభట్టు "చిత్తం" అని చిట్టెయ్యను తీసుకుపోయాడు. ఒక్క మాటైనా అడ్డు చెబుతాడనుకున్న రాజుగారికి అదేదో వింతగా తోచింది.

మూడోనాడు భోజనంలో వేడన్నం, నెయ్యి, ఎర్రగా నూనె తేలిన ఆవకాయ. మొదటి ముద్దకే రాజుగారికి ప్రాణం లేచొచ్చింది.

"ఎవరయ్యా ఇది కలిపింది? పిలవండి, కంకణం తొడుగుతాం."

వడ్డించేవాడు మల్లుభట్టు వైపు చూశాడు.

"చిట్టెయ్య, ప్రభూ" అన్నాడు మల్లుభట్టు నెమ్మదిగా. "తమరు మూత తీసిన జాడీయే. మొన్న వాణ్ణి ఉరి తీయమన్నారు కదా."

రాజుగారి మొహంలో నెత్తుటి చుక్క లేదు. వాడు చెప్పబోయిన మాట ఇప్పుడు చెవుల్లో గింగురుమంది. నాలుక చేదెక్కిందని నిండుప్రాణం తీయించానా అనుకునేసరికి ఒళ్లంతా చెమట పట్టింది. చెయ్యి కంచంలో ఉండగానే ఏడ్చేశారు.

"వాడి మాట పూర్తిగా విన్నా బతికేవాడు. ఇప్పుడెక్కణ్ణించి తెచ్చేదయ్యా వాణ్ణి?"

"పక్కగదిలోంచి, ప్రభూ."

తలుపు తీశారు. చిట్టెయ్య బిక్కుబిక్కుమంటూ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. రాజుగారు ఎంగిలి చేత్తోనే వాణ్ణి కావలించుకున్నారు. కాస్త తేరుకున్నాక తాను మహారాజునని గుర్తొచ్చింది.

"ఏం మల్లుభట్టూ, మా ఆజ్ఞనే ధిక్కరించావా?"

"లేదు ప్రభూ. అప్పుడే కలిపిన ఆజ్ఞ కదా, మూత పెట్టి మూలనుంచాను. ఊరాక తమరే రుచి చూస్తారని."

"ఎంత పొగరు నీకు! ఈసారి నీకే ఉరి."

"చిత్తం. మూడోనాడు మళ్లీ వచ్చి అడుగుతాను."

రాజుగారు గుడ్లురిమి చూశారు. మీసం కదిలింది. ఆపుకోలేక పొలమారేదాకా నవ్వారు. కంకణం చిట్టెయ్యకు తొడిగి, తన వేలి ఉంగరం మల్లుభట్టుకు ఇచ్చారు.

ఆనాటినుంచి ఆ రాజ్యంలో ఎవరికి ఉరి వేయమన్నా, మూడోనాడు మళ్లీ రాజుగారిని అడగాలన్నది కట్టుబాటు. రెండోసారి ఆయన "కానివ్వండి" అనగా విన్నవాళ్లు లేరు.