రెండోసారి తూచిన సీసం

ఒకప్పుడు, బరువులన్నీ రాతిమీద చెక్కి ఉన్న రోజుల్లో, ఏ మూలకానికైనా ఒక్కటే బరువు. ఇనుముది ఇనుముకు, బంగారానిది బంగారానికి. ఎక్కడ పుట్టినా అంతే, ఎక్కడికి పోయినా అంతే. ఎంతో తెలియాలంటే కొండకింది పెద్దబండ దగ్గరికి పోయి చూసుకోవాలి.

ఆ బండమీద చెక్కినవాడు తిప్పేశం. తక్కెడ అతనిదే, ఉలీ అతనిదే. మనుషులే పుట్టని కాలంలో తిప్పేశం ఎక్కణ్ణించి వచ్చాడని అడగొద్దు. తూచడానికి ఒకడు కావలసి వచ్చింది, వచ్చాడు. ఏ గురువు దగ్గరా నేర్చుకోలేదు. తనను చూసి గురువులే దారి మార్చుకున్నారని తనే చెప్పుకునేవాడు.

మూలకాల పరమాణువులు మరీ చిన్నవి. ఆవగింజంత చోటులో కోట్లకు కోట్లు కూర్చుంటాయి. ఒక్కదాన్ని పళ్లెంలో పెడితే ఎక్కిందన్న సంగతి తక్కెడకే తెలియదు. అందుకని తిప్పేశం కోడిపిల్లల్ని తూచినట్టు గంపెత్తుగా తూచేవాడు. ఈ పళ్లెంలో ఎన్ని ఎక్కితే ఆ పళ్లెంలో అన్ని ఆక్సిజన్ పరమాణువులు. మొత్తం చూసి, తలకింత అని పంచి, బండమీద చెక్కేవాడు.

ఆక్సిజనే ఎందుకంటే, నీళ్లలో, రాళ్లలో, తుప్పులో, అందరిళ్లలోనూ ఆయనకు చుట్టరికం ఉంది. చుట్టాలు ఎక్కువున్నవాడు పెద్దమనిషి అవుతాడు. ఆక్సిజన్ పెద్దయ్య తన బరువు పదహారని తనే చెప్పాడు. ఎవరూ తూచి చూడలేదు. అందరినీ తూచే పడికట్టు రాయిని ఏ రాయితో తూచాలి?

తిప్పేశానికి ఒక పంతం ఉండేది. ఒకసారి తూచింది మళ్లీ తూచడు. రెండోసారి తూచేవాడు మొదటిసారి కునుకు తీసినవాడని అతని వాదన. మొదటిసారి కునుకు తీసి, రెండోసారీ తూచనివాణ్ణి ఏమంటారని అతని భార్య ఓబులమ్మ అడిగేది. అతను తక్కెడ తుడుచుకునేవాడు.

ఒకరోజు పొద్దున్నే పడమటి కొండల నుంచి సీసం పరమాణువుల గుంపు ఒకటి వచ్చింది. నల్లరాతిలో పుట్టినవాళ్లు. తమ కులంవాళ్ల పక్కన, సీసం వరసలో కూర్చుంటామన్నారు. వరసలో కూర్చోవాలంటే బరువు కలవాలి. తిప్పేశం తూచాడు. బండమీద రెండువందల ఏడు అని ఉంది. వీళ్లు తలకు రెండువందల ఆరే తూగారు.

వరసలన్నీ గొల్లుమన్నాయి. పాదరసం జారి పక్కవాడిమీద పడింది. వెండి మూతి నల్లబరుచుకుంది. దొంగసీసం అన్నారు, సీసం వేషం వేసుకున్న మట్టి అన్నారు.

చట్టం కూడా బండమీదే ఉంది. బరువు కలవనివాణ్ణి నిప్పుకొండలో పడేయాలి. తప్పు తూచినవాడిదైతే వాడి తక్కెడ విరగ్గొట్టాలి. మూడో దారి చెక్కడానికి చోటు మిగల్లేదు.

"రాయి తప్పు చెప్పదు. కాబట్టి సీసమే తప్పు చెబుతోంది" అని ఆక్సిజన్ పెద్దయ్య తీర్పిచ్చాడు. పొద్దు కొండమీద వాలేసరికి పని ముగించమన్నాడు.

నల్లరాతి సీసం గుంపులోంచి ఒకడు ముందుకొచ్చాడు. "అయ్యా, మెత్తగా ఉన్నాం. చల్లగా ఉన్నాం. గీస్తే గీత పడుతుంది. సీసం చేసే పనులన్నీ చేస్తాం. ఇంకొక్కసారి తూచండి" అని వేడుకున్నాడు.

తూచనని తిప్పేశం ఇంటికి పోయాడు. పోయాడు గానీ మధ్యాహ్నం సంగటి ముద్దను రెండు సగాలు చేసి, రెంటినీ కంచంలోనే వదిలాడు. ఒకసారి తూస్తే పోయేదేముంది? పేరు పోతుంది. తూచకపోతే వాళ్ల ప్రాణాలు పోతాయి. రెండూ తక్కెడలో వేసి చూశాడు. ఎన్నిసార్లు చూసినా తన పేరున్న పళ్లెమే పైకి లేస్తోంది.

"తినవయ్యా, తినకపోతే తగ్గిపోతావు" అంది ఓబులమ్మ. "తగ్గినా తిప్పేశమే అంటారులే, వేరేవాణ్ణి తెచ్చి కూర్చోబెట్టరు."

తిప్పేశం చెయ్యి కడుక్కుని లేచాడు.

పుట్టిన తర్వాత మొదటిసారి, తూచినదాన్నే మళ్లీ తూచాడు. రెండువందల ఆరే. ముల్లు వెంట్రుకంత కూడా జరగలేదు. తను తప్పు తూచలేదన్న సంతోషం ఒక రెప్పపాటు ఉంది. సీసం మొహం చూశాక అదీ పోయింది. అప్పుడు ఇంతవరకు ఎవరినీ అడగని మాట ఒకటి అడిగాడు.

"ఎవరి పిల్లలు మీరు?"

"మా తాత యురేనియం. నల్లరాతిలో కూర్చుని, కొంచెం కొంచెంగా తనను తాను రాల్చుకుంటూ, కోట్ల ఏళ్లకు మేమయ్యాడు."

ఆ మాట వినగానే పాత సీసం వరసలో ఒకడు అటూ ఇటూ కదిలాడు. ఏమిటని గద్దిస్తే తలొంచుకుని నిజం చెప్పాడు. వాడు తూర్పు సముద్రపు ఇసుకలో పుట్టాడట. అవ్వ థోరియం. సొంత బరువు రెండువందల ఎనిమిది. ఆనాడు తూచిన గంపలో వాడిలాంటివాళ్లు కొందరు, నల్లరాతి వాళ్లలాంటివాళ్లు కొందరు, మధ్యరకం కొందరు కలిసి కూర్చున్నారు. తిప్పేశం గంపను తూచి, తలకింత అని పంచి, దాన్నే ప్రతి తలకూ అంటించాడు.

తిప్పేశం తక్కెడ కింద పెట్టాడు. తర్వాత పెద్దబండ ఎక్కి, అందరికీ వినబడేలా తప్పు తనదేనని చెప్పాడు. గంప బరువు సరిగానే తూచానని, తలల సంగతి మాత్రం ఊహించానని, ఊహను ఉలితో చెక్కడం తన తెలివితక్కువతనమని ఒప్పుకున్నాడు. దీనికి గురువు కూడా అక్కర్లేదని, తనంతట తానే నేర్చుకున్నానని అన్నాడు.

"సీసాన్ని వదిలేయండి. తక్కెడ విరగ్గొట్టండి" అన్నాడు ఆక్సిజన్ పెద్దయ్య.

"విరగ్గొట్టండి. దానికిముందు ఒక్క తూకం వేయనివ్వండి పెద్దయ్యా" అన్నాడు తిప్పేశం. "ఈ పళ్లెంలో గాలిలో తిరిగే మీవాళ్లు, ఆ పళ్లెంలో సముద్రపు నీళ్లలో ఉండే మీవాళ్లు. ఎన్నికి అన్నే."

పడికట్టును తూచే ఆచారం లేదన్నాడు పెద్దయ్య. ఆయన మాట పూర్తయ్యేలోగానే ఆక్సిజన్ పిల్లలు ఉయ్యాల అనుకుని రెండు పళ్లాల్లోకీ ఎక్కేశారు.

గాలి పిల్లల వైపు పళ్లెం కనురెప్పంత కిందికి దిగింది.

వరసలన్నీ ముందుకు వంగాయి. ఎవరితోనూ కలవని హీలియం కూడా వంగింది. 

"గాలి వీచింది" అన్నాడు పెద్దయ్య.

"ఆ గాలిలో ఉన్నది మీరే కదయ్యా" అంది ఓబులమ్మ.

పెద్దయ్య మెల్లగా పడికట్టు పీట దిగాడు. కొన్నాళ్లకు ఆ పీటమీద కార్బన్‌ను కూర్చోబెట్టారు. ఈసారి కుటుంబమంతటినీ కాదు, అచ్చంగా ఒక్క బరువున్న అన్నదమ్ముల్ని ఏరి, వాళ్లకు పన్నెండని పేరుపెట్టారు. తక్కెడ విరగ్గొట్టే సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. బండను ఓబులమ్మ బట్టలుతకడానికి తీసుకుపోయింది. ఉలి పారేసి, తిప్పేశం సుద్దముక్క పట్టుకున్నాడు. దాంతోపాటు ఒక తడిగుడ్డ కూడా.

అప్పటినుంచే సీసానికి ఒక్క బరువు లేదు. నల్లరాతిలో తవ్వినది తేలిక, సముద్రపు ఇసుకలో దొరికినది బరువు. దాని పేరు పక్కన ఇంత నుంచి ఇంతవరకు అని రాసుకుంటారు. మిగతావాళ్ల చివరి అంకెలు కూడా అప్పుడప్పుడూ చెరిపి, మళ్లీ తూచి, మళ్లీ రాస్తారు. సీసం మాత్రం తన బరువెంతో తనుగా చెప్పదు. ముందు ఎవరి పిల్లవని అడిగితే, అప్పుడు చెబుతుంది.