తోకలున్న మాటలు

మబ్బుకోన అనే అడవిలో పొద్దు బాగా ఎక్కేదాకా మబ్బులు నేల మీదే పడుకుని ఉండేవి. ఆ మబ్బుల్లో జింకలు, ఏదుపందులు, ఉడుములు, అడవికోళ్లు ఒకదాన్నొకటి గుద్దుకుంటూ తిరిగేవి. కోన మధ్యలో ఒక వాగు, వాగు ఒడ్డున ఒక గుహ, గుహ వెనకాల ఒక గుట్ట ఉండేవి.

వాగు ఇసుకలో ఒక తాబేలు నిద్రపోతూ ఉండేది. ఎంత ముసలిదంటే, దాని వీపు మీద మట్టి పేరుకుని గడ్డి మొలిచి, ఆ గడ్డి పూలు కూడా పూసేది. అందరూ తాబేలు తాత అని పిలిచేవాళ్లు. తాత నిద్రలో ఏదో గొణుగుతూ ఉండేవాడు. అది పాతపలుకు. ఒకప్పుడు అడవంతా ఆ పలుకే పలికేదట. ఇప్పుడు తాతకు తప్ప ఎవరికీ రాదు.

రాకపోతే ఏం పోయింది అంటారా? వినండి. వాగు పొంగే ముందు తాత ఒకే ఒక్కసారి కళ్లు తెరిచి, ఎటు పోతే బతుకుతారో చెప్పేవాడు. చెప్పేది పాతపలుకులోనే. మన పలుకు ఆయనకు రాదు మరి!

ఈ సంగతి ఎలుగుబంటి ఇప్పమ్మకు బాగా తెలుసు. తను పిల్లగా ఉన్నప్పుడు వాగు పొంగింది. తాత ఏదో చెప్పాడు. ఎవరికీ అర్థం కాక తలా ఒక దిక్కు పరుగెత్తారు. ఇప్పమ్మ తన అమ్మ వీపు మీద ఉంది కాబట్టి బతికింది. అక్క మాత్రం ఆ మబ్బుల్లో ఎటో పరుగెత్తి మళ్లీ కనిపించలేదు. తాత అన్న మాట చివర 'శి' అని వినబడినట్టు ఇప్పమ్మకు గుర్తు. అంతకు మించి ఏమీ గుర్తు లేదు.

ఇప్పుడు ఇప్పమ్మ వీపు మీద కూతురు జుంటి ఉంది. మెత్తగా, వెచ్చగా, ఎప్పుడూ తేనె వాసన వేస్తూ ఉండే పిల్ల. ఈ పిల్ల కూడా మబ్బుల్లో తప్పిపోతే ఎలాగని ఇప్పమ్మకు దిగులు. ఎలాగైనా బిడ్డకు పాతపలుకు నేర్పాలని పట్టుబట్టింది.

ఆ కోనలో పండితుడని పేరున్నవాడు కొండముచ్చు వాలరాజు. మద్దిచెట్టు పైకొమ్మ మీద కూర్చుని, తన పొడవాటి తోకను కిందికి వేలాడేసి బడి నడిపేవాడు. పాతపలుకులో చాలా మాటలు అతనికి నిజంగానే వచ్చు. అబద్ధం ఎందుకు చెప్పాలి? తాతముత్తాతల దగ్గర నేర్చుకున్న మాటలవి. 'తెంబ' అంటే గుట్ట, 'గూమి' అంటే గుహ, 'లూరు' అంటే నీళ్లు అని గొంతెత్తి చెప్పించేవాడు. పిల్లలు కూడా అడవి దద్దరిల్లేలా చెప్పేవాళ్లు.

ఇప్పమ్మ జుంటిని తీసుకుని ఆ బడికి వెళ్లింది. తాత పలికే మాటల చివర 'శి' అని ఒకసారి, 'ణో' అని ఒకసారి వినిపిస్తుంది కదా, అవి ఏమిటని భయంభయంగా అడిగింది.

వాలరాజుకు తెలియదు. తెలియదని అనడం అతనికి చేతకాదు.

"ముసలాయన కదమ్మా, దగ్గు," అన్నాడు. పిల్లలందరూ పకపకా నవ్వారు. అలాంటి ప్రశ్నలు వేసే తల్లికి పుట్టిన పిల్లకు చదువు అబ్బదని, ఇంటికి తీసుకుపొమ్మని కూడా అన్నాడు. ఇంటి దగ్గర తనే నేర్పుకుంటానంది ఇప్పమ్మ. వాలరాజు కడుపు పట్టుకుని నవ్వాడు. "నీకే రాని పలుకు నీ బిడ్డకు ఏం నేర్పుతావు, ఇప్పమ్మా?"

ఇప్పమ్మకు తల కొట్టేసినట్టయింది. దారి పొడవునా ఏడ్చింది. జుంటి వీపు మీద నుంచి వంగి, తల్లి చెవి నాకి, "అమ్మా, తాత దగ్గుతున్నాడా?" అని అడిగింది.

"నాకు తెలియదే తల్లీ. వెళ్లి విందాం పద."

అలా మొదలైంది వాళ్ల బడి. మధ్యాహ్నం ఎండకు అడవంతా కునుకు తీసే వేళ ఇద్దరూ తాత పక్కన ఇసుకలో పడుకునేవాళ్లు. వాగు మెల్లగా జోకొట్టేది. ఇప్పపూల వాసనకు కళ్లు మూతలు పడేవి. తాత కళ్లు మూసుకునే ఉన్నా చుట్టూ జరిగేదంతా అతని కలలోకి వెళ్లేది. అక్కడ ఏది జరిగితే ఆ మాట అతని నోట్లోంచి బుడగలా వచ్చేది. ఒక్కోసారి తాము వింటున్నది తాత కలో, తమ కలో వాళ్లకే తెలిసేది కాదు.

ఒకరోజు ఒక కప్ప వాగులోకి దూకింది. తాత "లూరుశి" అన్నాడు. కాసేపటికి ఒక కప్ప బయటికి గెంతింది. తాత "లూరుణో" అన్నాడు. ఇప్పమ్మ బాగా ఆలోచించి, అవి ఆ రెండు కప్పల పేర్లని కూతురికి చెప్పింది. అప్పటి నుంచి తల్లీకూతుళ్లు కనిపించిన కప్పనల్లా "బాగున్నావా లూరుశీ? అన్నం తిన్నావా లూరుణో?" అని పలకరించడం మొదలుపెట్టారు. కప్పలు బిత్తరపోయేవి. వాలరాజు ఈ ముచ్చట అడవంతా చెప్పి నవ్వించాడు.

ఒక మధ్యాహ్నం జుంటి లేచి కూర్చుంది.

"అమ్మా, ఉన్నది ఒక్క కప్పే. లోపలికి దూకితే లూరుశి, బయటికి వస్తే లూరుణో. అవి పేర్లు కాదు, తోకలు. 'శి' తోక ఉంటే అటు పోవాలి. 'ణో' తోక ఉంటే అక్కడి నుంచి రావాలి."

ఇప్పమ్మ నోరు తెరిచి కూతురి వంక చూసింది. తర్వాత ఇసుకలో పడి దొర్లుతూ నవ్వింది. "తప్పు నేర్పానే తల్లీ! నువ్వే నయం," అంది. ఆ రోజు నుంచి జుంటి చెబితే ఇప్పమ్మ నేర్చుకునేది, ఇప్పమ్మ వింటే జుంటి నేర్చుకునేది. ఎవరు గురువో ఎవరు శిష్యులో తెలియకుండా పోయింది.

ఇంకో రోజు వాగు మీది పొగమంచు లేచి తేలుతూ గుట్ట వైపు పోయింది. తాత "లూరుణో తెంబశి" అన్నాడు. కాసేపు ఆగి "తెంబశి లూరుణో" అన్నాడు. మంచు మాత్రం గుట్ట వైపే పోతోంది. మాటలు ముందువెనకలైనా తోకలు మారవు కాబట్టి అర్థం మారదని ఇద్దరికీ తెలిసింది. తోకంటూ పెద్దగా లేని ఎలుగుబంట్లకు తోకల విలువ తెలిసింది చూడండి!

వానలు వచ్చాయి. పగలే చీకటి కమ్మింది. అడవి జంతువులన్నీ గుహలోకి చేరాయి. లోపల పొడిగా, వెచ్చగా ఉంది. అందరూ కళ్లు మూసుకుని వాన పాట వింటూ జోగుతున్నారు.

అప్పుడు తాత వచ్చాడు. గుహ గుమ్మంలో నిలబడి కళ్లు తెరిచాడు. ఆ కళ్లు వాగు అడుగున ఉండే రాళ్ల రంగులో ఉన్నాయి.

"తెంబశి గూమిణో," అన్నాడు. అంతే. మెల్లగా వెనక్కి తిరిగి వాగులోకి జారిపోయాడు. వాగు అతన్ని తీసుకుపోయింది.

అందరూ వాలరాజు వైపు తిరిగారు. వాలరాజు గొంతు సవరించుకున్నాడు. ముందు గుట్ట అన్నాడు, తర్వాత గుహ అన్నాడు కాబట్టి గుట్ట వదిలి గుహకు పొమ్మని అర్థమని చెప్పాడు. మనం గుహలోనే ఉన్నాం, హాయిగా పడుకోండి అన్నాడు. జంతువులన్నీ ఊపిరి పీల్చుకుని మళ్లీ పడుకున్నాయి.

తాత అన్నది ఇప్పమ్మకు మాత్రం వాలరాజు చెప్పినదానికి తిరగబడి వినిపించింది. గుహలోంచి గుట్టకు. కానీ బయట పిడుగులు పడుతున్నాయి. తనేమో చదువుకున్నది కాదు. కప్పలకు పేర్లు పెట్టిన తెలివి తనది! ఇప్పుడు కూడా తప్పయితే వీపు మీది బిడ్డను చేజేతులా పోగొట్టుకుంటుంది. అక్క గుర్తొచ్చింది.

జుంటి తల్లి చెవిలో మెల్లగా అడిగింది.

"అమ్మా, 'శి' అంటే కప్ప ఎటు దూకింది?"

"నీళ్లలోకి."

"మరి తెంబశి అంటే?"

ఇప్పమ్మ లేచి నిలబడింది. తను పొరపాటు పడి ఉండొచ్చని, ఇంతకు ముందు కూడా పడ్డానని, అయినా తాత గుట్టకే పొమ్మన్నాడని అందరితో చెప్పింది. వాలరాజు ఎగతాళి చేశాడు. శి లేదు, ణో లేదు, అదంతా దగ్గని అన్నాడు. అప్పుడు ఒక ముసలి జింక తల ఎత్తి, తాత ఏనాడైనా దగ్గగా ఎవరైనా చూశారా అని అడిగింది. జింక తన పిల్లలను లేపి ఇప్పమ్మ వెనకాల నిలబడింది. ఏదుపంది వచ్చింది. ఉడుము వచ్చింది. ఒకరి వెంట ఒకరు అందరూ వానలోకి నడిచారు. వాలరాజు ఒక్కడే లోపల ఉండిపోయాడు.

వాళ్లు గుట్ట ఎక్కేసరికి కింద వాగు లేచి గుహలోకి దూరింది. నీళ్లతో పాటు బండలు దొర్లాయి. వాలరాజు కెవ్వుమని అరుస్తూ బయటపడి, చెట్టు పట్టుకుని, ఎలాగో గుట్ట మీదికి వచ్చి పడ్డాడు. ప్రాణం దక్కింది. అతని పొడవాటి తోక మాత్రం సగం బండల కిందే ఉండిపోయింది. వణుకుతూ వచ్చి అందరికన్నా వెనకాల, పిల్లల మధ్య కూర్చున్నాడు. ఆ శి, ణో సంగతి తనకూ చెప్పమని జుంటిని తగ్గు గొంతుతో అడిగాడు. జుంటి కప్ప దగ్గర నుంచి మొదలుపెట్టి చెప్పింది.

వాన తగ్గింది. కోన నిండా నీళ్లు, నీళ్ల మీద మబ్బులు. ఇప్పమ్మ కిందికి చూస్తూ కూర్చుంది. అక్క తప్పిపోయిన రోజు కూడా తాత ఎటో పొమ్మనే చెప్పాడు. దారి చెప్పే మాట గాలిలోనే ఉంది, వినేవాళ్లే లేకపోయారు. అది తలచుకుని ఇప్పమ్మకు దుఃఖం ఆగలేదు. వెక్కి వెక్కి ఏడ్చింది. జుంటికి మొదటిసారి తన అక్క సంగతంతా చెప్పింది.

జుంటి తల్లి చెవి నాకి అడిగింది. "అమ్మా, పాతపలుకులో అక్కను ఏమంటారు?"

ఇప్పమ్మ కళ్లు తుడుచుకుని, బిడ్డను వీపు మీదికి ఎక్కించుకుంది.

"నాకు తెలియదే తల్లీ. వెతుకుదాం పద," అంది.

నీతి: తెలియదని ఒప్పుకుని బిడ్డతో కలిసి నేర్చుకునే తల్లే మంచి గురువు, తెలియనిదాన్ని దగ్గని కొట్టిపారేసే పండితుడు తనూ మునుగుతాడు, నమ్మినవాళ్లనూ ముంచుతాడు.