గుంత ఎవరిది?

వెనకటికి కుమ్మరి పోచవ్వ మట్టి తవ్వుకునే గుంత తనదేనని ఊరి దొర దావా వేశాడు. గుంత పోతే కుండలు చేసే ఆమె సారె ఆగిపోతుంది. చిన్నాపెద్దా తగవులన్నీ చూసే ఊరి వకీలు కాశయ్యకు ఆమె ఉన్నదంతా చెప్పుకుంది.

న్యాయాధికారి ముందు దొర, "మూడు తరాలుగా అది మాదే," అన్నాడు.

"ఒప్పుకుంటున్నాం," అన్నాడు కాశయ్య. "నిరుడు అందులో పడి రాజుగారి గుర్రం కాలికి దెబ్బ తగిలింది. దానికి పడే శిక్ష కూడా దొరగారిదేగా?"

దొర తడబడ్డాడు. "ఆ గుంతతో నాకేం సంబంధం లేదు!"

న్యాయాధికారి పోచవ్వ వైపు తిరిగాడు. "అయితే తప్పు నీదా?"

"నాదేనయ్యా. కంచె వేయలేదు. అందుకే నెలరోజులు ఆకుపసరు కట్టి, గుర్రం మళ్లీ నడిచేలా చేసి పంపాను."

గుంత ఆమెకే దక్కింది. శిక్ష మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.