గుమ్మడికాయకు మొదటి గాటు

రొట్టె కుదరలేదన్నది కాదు చెన్నకేశవులు బాధ. రొట్టె బ్రహ్మాండంగా కుదిరింది. తినాల్సిన మనిషే తినడం లేదు.

ఆదోనిలో అతనిది ఒక కుట్టుమిషను, ఒక టేపు, జాకెట్లు కుట్టడంలో మంచి పేరు. వెంట్రుకవాసి తేడా వచ్చినా కుట్టు విప్పి మళ్ళీ మొదలుపెట్టే రకం. భార్య సుంకులమ్మకు షుగరు ముదిరిందని, అరికాళ్ళ తిమ్మిర్లు దానివల్లేనని, ఇలాగే వదిలేస్తే చూపుకు కూడా ముప్పని డాక్టరు చెప్పిన రోజున, అతను ఆ పట్టుదలనంతా మిషను మీద నుంచి తీసి వంటింట్లో పెట్టాడు.

అన్నం తగ్గించాడు. చక్కెర గడప దాటి రాకుండా చూశాడు. బెల్లం డబ్బా ఎక్కడికి పోయిందో సుంకులమ్మకు తెలియదు. పొద్దున ఆమె ఇంకా మొహం కడుక్కోకముందే వేలు పొడిచి రక్తపు బొట్టు షుగరు చూసే మిషనులో పెట్టి చూసేవాడు. అంకె తగ్గితే అతని మొహం వెలిగేది, పెరిగితే రాత్రి ఏం తిన్నావని ఆరా తీసేవాడు. పోలీసులు కూడా అంత మర్యాదగా, అంత వదలకుండా అడగరు.

ఆమెకు గుమ్మడికాయంటే ప్రాణం. పులుసు పెట్టినా, కూర చేసినా, అందులో ఇంత బెల్లం పడాల్సిందే. ఆ రుచి ఒక్కటైనా ఆమెకు మిగలాలని చెన్నకేశవులు ఆశపడ్డాడు. బెల్లం, చక్కెర వేయకుండా, మైదా, గోధుమపిండి తగలకుండా గుమ్మడికాయ రొట్టె చేయవచ్చని ఫోనులో చూశాడు. ఒక చిన్న కరెంటు ఓవెను కొన్నాడు. బాదం పొడి, గుడ్లు, కొంచెం నెయ్యి, ఉడకబెట్టి నీళ్ళు పిండేసిన గుమ్మడి గుజ్జు, దాల్చినచెక్క పొడి, పట్టు రావడానికి ఇసబ్‌గోలు పొట్టు. మొదట చేసింది అంబలి అయింది. ఆ తర్వాత చేసింది ఇటుక అయింది. అయినా వదల్లేదు. చివరికి ఒకటి కుదిరింది. పైన దోరగా, లోపల మెత్తగా, కోస్తే పొడి రాలకుండా వచ్చింది. జాకెట్ల కోసం వచ్చినవాళ్ళకు తలా ఒక ముక్క పెడితే బేకరీలో కొని తెచ్చావులే అన్నారు. ఆ మాటకు పొంగిపోయి అతను ఆ రోజంతా కుట్టు తప్పులు చేశాడు.

సుంకులమ్మ మాత్రం ముట్టలేదు. ఆకలి లేదనేది. అన్నం పెట్టినా రెండు ముద్దలు కెలికి లేచిపోయేది. మాత్రలు మాత్రం వేళకు వేసుకునేది, ఎందుకంటే అవి అతనే అరచేతిలో పెట్టి, మింగేదాకా ఎదురుగా నిలబడేవాడు.

ఖాళీ కడుపున ఆ మాత్ర పడకూడదని డాక్టరు చెప్పనే చెప్పాడు. ఒక పొద్దున కొళాయి దగ్గర బిందె పట్టుకుని నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే కూలిపోయింది. ఒళ్ళంతా చెమటలు, చేతులు వణుకు. ఏ చక్కెరను ఇంట్లోకి రాకుండా కాపలా కాశాడో ఆ చక్కెర కోసమే చెన్నకేశవులు పక్కింటికి పరుగెత్తాడు. చక్కెర నీళ్ళు తాగాక ఆమె తేరుకుంది. తేరుకుని, అతని వైపు కూడా చూడకుండా, పడిపోయిన బిందె ఎక్కడుందని వెతికింది.

ఆ రోజు నుంచి అతనికి నిద్ర లేదు. తను ఇంట్లో లేనప్పుడు పడిపోతే ఎవరు లేపుతారు? ఆమె తిననప్పుడు అతనికీ ముద్ద దిగేది కాదు. రాత్రిపూట ఆమె ఊపిరి వినపడుతోందా లేదా అని చెవి ఒగ్గి పడుకునేవాడు.

ఇక లాభం లేదని గురువారం నాడు తాజాగా ఒక రొట్టె చేసి, బట్టలో చుట్టి, సుంకులమ్మను వెంటబెట్టుకుని తన గురువు బుడన్ సాహెబ్ దగ్గరికి బయలుదేరాడు. స్వామికి ఎలా చేస్తారో కూడా చూపించాలని బాదం పొడి, ఇసబ్‌గోలు, దాల్చినచెక్క వేరే సంచిలో వేసుకున్నాడు. ఎంత బాధలో ఉన్నా ఆ కాస్త మోజు ఎక్కడికి పోతుంది?

బుడన్ సాహెబ్‌ది ఊరి బయట కొండ మొదట్లో, దర్గా పక్కన చిన్న ఇల్లు. ముసలాయన. తురకవాళ్ళు పీర్‌సాబ్ అంటారు, మిగతావాళ్ళు స్వామి అంటారు, ఆయన రెండింటికీ పలుకుతాడు. చెన్నకేశవులు పెళ్ళి కాకముందు నుంచీ ఆయన శిష్యుడు. సుంకులమ్మకు కూడా ఆయన మాటంటే గురి. స్వామి ఒక్కసారి తినమ్మా అంటే చాలు, ఆమె కాదనదని చెన్నకేశవులు నమ్మకం.

వెళ్ళి కూర్చుని జరిగిందంతా చెప్పాడు. వేలు పొడవడం దగ్గర నుంచి కొళాయి దగ్గర పడిపోవడం దాకా ఏదీ దాచలేదు. బుడన్ సాహెబ్ వింటూనే బట్ట విప్పి ఒక ముక్క తిన్నాడు. ఇంకొక ముక్క తిన్నాడు. చాలా బాగుందన్నాడు.

తర్వాత, ఇంట్లో వంట ఎవరు చేస్తున్నారని ఊరికే అడిగినట్టు అడిగాడు.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, చెన్నకేశవులు అడగనివాటికి కూడా జవాబులు చెప్పాడు. ఆమెను కష్టపెట్టడం లేదన్నాడు. వంట తనే చేస్తున్నాడట, వడ్డన తనే, గిన్నెలు తోమడం కూడా తనేనట. ఆమె చేయి ఊరుకోదని, పాత అలవాటు కొద్దీ ఇంత బెల్లం వేసేస్తుందని, అందుకే వంటింటి పని మొత్తం తన నెత్తిన వేసుకున్నానని చెప్పాడు. సుంకులమ్మ నేల చూస్తూ కూర్చుంది.

ఎందుకు తినడం లేదు తల్లీ అని ఆయన ఆమెను అడిగాడు.

“ఆకలి లేదు స్వామీ,” అంది.

ఆయన ఇంకేమీ అడగలేదు. తినమని కూడా అనలేదు. చెన్నకేశవులు ఆ ఒక్క మాట కోసం ఆయన నోటివైపే చూస్తున్నాడు. ఆయన లేచి వెళ్ళి మూలన ఉన్న గుమ్మడికాయను రెండు చేతులా ఎత్తుకొచ్చాడు. ఎవరో భక్తులు తెచ్చి పెట్టి పోయిందట. ఇవాళ ఇక్కడే రొట్టె చేసుకుందామన్నాడు. ఓవెను లేదు కదా స్వామీ అని చెన్నకేశవులు నసిగితే, బిర్యానీకి దమ్ము పెట్టినట్టు మందపాటి గిన్నె మూత మీద నిప్పులు వేస్తే సరిపోతుందన్నాడు. పెరట్లో కోళ్ళున్నాయి, గుడ్లకు కరువు లేదు.

కత్తి తెచ్చి సుంకులమ్మ ముందు పెట్టాడు. ఆమె చేయి వెనక్కి తీసుకుంది.

గుమ్మడికాయకు ఆడవాళ్ళు మొదటి గాటు పెట్టరు. ఆ కాయ ఇంటి పెద్దకొడుకుతో సమానమని పెద్దలు చెబుతారు. ఇంట్లో మగవాడు కత్తితో ఒక గాటు పెట్టి ఇస్తే, ఆ తర్వాత ఆడవాళ్ళు కోసుకుంటారు. ఇంట్లో ఎవరూ లేకపోతే వీధిన పోయేవాణ్ణి పిలిచైనా ఆ గాటు పెట్టించుకుంటారు. సుంకులమ్మ అదే చెప్పింది.

“మగోళ్ళు గాటు పెట్టాల కదా స్వామీ.”

“సరే. పెట్టు కేశవులూ.”

చెన్నకేశవులు కత్తి తీసుకుని కాయ నెత్తిన గాటు పెట్టాడు. పెట్టి, అదే ఊపులో కాయను రెండు చెక్కలు చేశాడు. గింజలు గోకాడు. తొక్క తీయడానికి ఒక చెక్క చేతిలోకి తీసుకున్నాడు. అన్నీ ఒకే కొలతలో ఉండేలా ముక్కలు కోయాలని కళ్ళతోనే గీతలు గీసుకుంటున్నాడు. బుడన్ సాహెబ్ అతని మణికట్టు పట్టుకున్నాడు.

“గాటు పెట్టడం అయిందా?”

“అయింది స్వామీ.”

“మరి కత్తి ఇంకా నీ చేతిలోనే ఉండాదే?”

ఆయన కత్తి తీసుకుని, పిడి సుంకులమ్మ వైపు ఉండేలా ఆమె ముందు పెట్టాడు. బాదం సంచి కూడా అక్కడే పెట్టాడు. శిష్యుణ్ణి భుజం పట్టి లేపి బయట అరుగు మీదికి తీసుకొచ్చాడు. తలుపు వారగా వేశాడు.

అరుగు మీద చెన్నకేశవులు ముళ్ళ మీద కూర్చున్నట్టు కూర్చున్నాడు. లోపల గిన్నెల చప్పుడు వినపడుతోంది. గుజ్జులో నీళ్ళు పిండకపోతే అంబలి అవుతుంది, ఒక్క మాట చెప్పి వస్తానని లేవబోయాడు. బుడన్ సాహెబ్ తన రెండు కాళ్ళూ తెచ్చి అతని ఒళ్ళో పెట్టాడు.

“కొంచెం పట్టు నాయనా. పొద్దుటి నుంచి ఒకటే నొప్పి.”

గురువు కాళ్ళు ఒళ్ళో ఉండగా ఏ శిష్యుడు లేస్తాడు? చెన్నకేశవులు కాళ్ళు పట్టాడు. చేతులు ఇక్కడ, చెవులు అక్కడ. గుడ్లు కొట్టిన చప్పుడు లెక్క పెడదామంటే అందలేదు. పొయ్యి రాజేసిన పొగ వచ్చింది. మూత మీద నిప్పులు పడ్డ చప్పుడయింది. మరీ ఎక్కువ పోసిందని అతనికి చప్పుడును బట్టే తెలిసిపోయింది. కాసేపటికి మాడు వాసన వచ్చింది.

మాడుతోంది స్వామీ అన్నాడు, ఏడుపు గొంతుతో.

ఈ కాలు అయింది, ఇక ఆ కాలు పట్టమన్నాడు బుడన్ సాహెబ్.

అప్పుడు లోపలి నుంచి సుంకులమ్మ గొంతు వినపడింది. ఎవరినో తిడుతోంది. చెన్నకేశవులు ఉలిక్కిపడి విన్నాడు. వంటింట్లోకి దూరిన ఒక కోడిని తిడుతోంది. నువ్వు గుడ్డు ఇచ్చినంత మాత్రాన వంట ఎట్ల చేయాలో నాకు నేర్పనీకి వచ్చినావా, బయటికి పో అంటోంది. కోడి కెవ్వుమంటూ తలుపు సందులోంచి అరుగు మీదికి వచ్చి పడింది. బుడన్ సాహెబ్ పెద్దగా నవ్వాడు.

చెన్నకేశవులు నవ్వలేదు. అతని చేతులు ఆగిపోయాయి. పెళ్ళయిన నాటి నుంచి ఆ గొంతు ఇంట్లో ఎవరినో ఒకరిని తిడుతూనే ఉండేది. పాలవాణ్ణి, పిల్లిని, పొయ్యిని, తనను. అది ఎప్పుడు ఆగిపోయిందో అతను గమనించనే లేదు. ఆ అంకెలు చూసుకునే హడావిడిలో అది ఇంట్లో లేదన్న సంగతే తెలియలేదు. మళ్ళీ కాళ్ళు పట్టడం మొదలుపెట్టి తల దించుకున్నాడు.

ఎండ అరుగు దిగిపోయాక సుంకులమ్మ పళ్ళెం పట్టుకుని వచ్చింది. నుదుటి మీద బూడిద అంటుకుని ఉంది. రొట్టె ఒకవైపు పొంగి, నడుమ కుంగి, అడుగున నల్లగా మాడి ఉంది. చెన్నకేశవులు పొద్దున చేసి తెచ్చిన దాని పక్కన పెడితే ఇది దాని కాలిగోటికి కూడా సరిపోదు. ఆమె దాన్ని చేత్తో తుంచి మొదట స్వామికి పెట్టింది. కోడి అల్లరి చెబుతూ, చెబుతూనే ఒక ముక్క తన నోట్లో వేసుకుంది. నమిలింది. మొహం చిట్లించింది.

“ఉప్పు మర్చిపోయినా,” అంది. ఇంకొక ముక్క తుంచుకుంది.

దిష్టి తగులుతుందేమో అన్నట్టు చెన్నకేశవులు చూపు పక్కకు తిప్పుకున్నాడు. ఊపిరి గట్టిగా వదిలితే ఆమె ఎక్కడ ఆగిపోతుందో అని భయం. ఆమె మూడో ముక్క కూడా తిన్నది. మాడిన పెచ్చు గోటితో గీకి పడేసి మెత్తటిదంతా తిన్నది. కొళాయి దగ్గర పడిపోయిన రోజు నుంచి అతని గుండె మీద కూర్చున్న బరువు కొంచెం కొంచెంగా దిగింది. కళ్ళలో నీళ్ళు తిరిగితే పొగ వల్ల అనుకోనీలే అని తుడుచుకోలేదు.

ఆమె స్వామితోనే చెప్పింది, భర్త వైపు చూడకుండా.

“బెల్లం వేయలేదు స్వామీ. పోయేటివి నా కండ్లే కదా. నాకు తెలీదా?”

బుడన్ సాహెబ్ నమలుతూ తల ఊపాడు. తెలుసునన్నట్టు ఊపాడో, ఉప్పు లేకపోయినా బాగుందని ఊపాడో తెలియదు.

అప్పుడామె చెన్నకేశవులు వైపు తిరిగింది. రేపు ఇంటి దగ్గర తనే చేస్తానని, ఉప్పు సరిగా వేస్తానని, నిప్పులతో పని లేదు కాబట్టి ఆ ఓవెను ఎట్లా వెలిగించాలో ఒక్కసారి చూపించి పొమ్మని చెప్పింది. పొద్దున వేలు కూడా తనే పొడుచుకుంటుందట. ముఖం కడుక్కున్నాక.

“కాయకు గాటు పెట్టనీకి పిలుస్తా. అప్పుడు రాండి. అంతదాకా మిషను కాడ కూచోండి.”

ఇంకొక రోజైతే ఆ మాటకు అతను నొచ్చుకునేవాడే. ఇప్పుడు ఎక్కడలేని హాయి అనిపించింది. అంతా తనే మోయాలని అనుకున్నవాడికి, మోయడానికి ఇంకో మనిషి పక్కనే ఉందని ఇప్పుడే తెలిసినట్టయింది. అట్లాగేనన్నాడు.

కాళ్ళు ఇంకా ఒళ్ళోనే ఉన్నాయి. అవి మెల్లగా పక్కకు జరిపి, గురువుకు చేతులు జోడించాడు.

“మరి నన్నేం చేయమంటావు స్వామీ?”

బుడన్ సాహెబ్ పళ్ళెం అతని ముందుకు తోశాడు.

“చేసింది చాలు. ఆమె పక్కన కూచుని తిను.”

చెన్నకేశవులు లేచి వెళ్ళి సుంకులమ్మ పక్కన కూర్చున్నాడు. ఆమె ఒక ముక్క తుంచి అతని చేతిలో పెట్టింది. అతను తిన్నాడు. ఉప్పు అడగలేదు.