పాత అడ్రసు

పెడనలో నాంచారయ్యగారి దగ్గరికి సందేహంతో వెళ్లినవాళ్లెవరూ దాన్ని ఒక్కసారి అడిగి ఊరుకున్నది లేదు. ఆయన వినేవారు, తలాడించేవారు, ఆ తర్వాత "మళ్లీ అడుగు నాయనా" అనేవారు. రెండోసారికి చాలామంది ప్రశ్న మారిపోయేది. ఆయన నలభై ఏళ్లు అద్దకం బట్టలను రంగు కాగుల్లో ఉడికించిన మనిషి. బట్ట మొదటి ఉడుకులో చూపించే రంగు దాని అసలు రంగు కాదని ఆయనకు తెలుసు. ఒంట్లో సత్తువ తగ్గాక పని మానేసి, అచల బోధ అనే తత్త్వం చెప్పుకుంటూ, ఇంటి ముందు పంచలో ఈతచాప మీద కూర్చునేవారు.

మాఘమాసంలో ఒక ఆదివారం మధ్యాహ్నం శిష్యుడు పరాంకుశం వచ్చి ఆయన ఎదురుగా కూర్చున్నాడు. అద్దకానికి కావలసిన కొయ్య అచ్చులు చెక్కడం అతని వృత్తి. వెంట్రుకవాసి గీత తప్పినా చెక్కను పక్కన పారేస్తాడని ఊళ్లో పేరు.

"గురువుగారూ, అయినవాళ్లను అనుమానించడం పాపమంటారా?" అన్నాడు.

"మళ్లీ అడుగు నాయనా."

పరాంకుశం గొంతు తగ్గించాడు. "మా చూడామణి నన్ను మోసం చేస్తోందా?"

చూడామణి అతని పినతల్లి కూతురు, బందరులో కాపురం. కాగితం మీద బొమ్మ ఆమె గీస్తే, దాన్ని టేకు చెక్క మీదికి అతను దించుతాడు. ఇద్దరి పనితనం కలిస్తే తప్ప అచ్చు లేదు. లిస్బన్ నగరంలో బట్టల దుకాణం నడిపే ఒకావిడ ఆ అచ్చులు చూసి ముచ్చటపడి, కిందటి ఆషాఢం నుంచి కొంటోంది. డబ్బు బిట్‌కాయిన్‌లో అయితేనే పంపుతానన్నది. అన్నాచెల్లెళ్లకు ఆ సంగతులేవీ తెలియవు. బందరులో కంప్యూటర్ పాఠాలు చెప్పే ఒకాయన ఇద్దరి ఫోన్లలోనూ ఆ డబ్బు ఉండే వాలెట్ పెట్టి, ఏది నొక్కితే ఏమవుతుందో చూపించి పంపాడు. సరుకు తాలూకు సొమ్ము పరాంకుశం వాలెట్‌కి వస్తుంది. అందులో సగం అతను చెల్లెలికి పంపాలి. పంపాలంటే ఆమె తన అడ్రసు ఇవ్వాలి. అడ్రసంటే వీధి పేరూ ఇంటి నంబరూ కాదు, ఇంగ్లీషు అక్షరాలూ అంకెలూ కలగలిసిన నలభై రెండు గుర్తుల వరస.

ఆషాఢంలో ఆమె ఒక అడ్రసు ఇచ్చింది. భాద్రపదంలో ఇచ్చింది చూస్తే అది కాదు.

"అదేంటి మణీ, అడ్రసు మార్చావు?" అని ఫోన్లో అడిగాడు.

"నేను మార్చలేదన్నయ్యా, ఫోనే ప్రతిసారీ కొత్తది ఇస్తుంది. ఎప్పుడూ ఒకటే అయితే, దాన్ని పట్టుకుని మనకెంత వచ్చిందో ఎంత పోయిందో ఎవడైనా చూసెయ్యొచ్చంట. పాతవి కూడా పనిచేస్తాయిలే. దేనికి పంపినా అన్నీ నా సంచిలోకే."

ఆ మాట అతనికి మింగుడుపడలేదు. ఇల్లు మారకుండా అడ్రసు మారడమేమిటి? కార్తీకంలో మూడోది వచ్చింది. ఆ నెలలోనే చూడామణి భర్త పోతురాజు ట్రాలీ ఆటో కొన్నాడు. సెకండ్ హ్యాండ్‌దే, వాయిదాల మీదే, అయినా పరాంకుశం మనసులో ఆ ఆటో ఆగకుండా తిరగసాగింది. చెల్లెలు ఫోన్లో నవ్వితే, ఏదో కప్పిపుచ్చుకోవడానికి నవ్వుతోందనుకునేవాడు. నవ్వకపోతే, భయపడుతోందనుకునేవాడు. ఒకరోజు ఆ కంప్యూటర్ మాస్టారు చెప్పిన వెబ్‌సైటులో తను పంపిన సొమ్ము ఎటు పోయిందో వెతికాడు. ఈ బిట్‌కాయిన్ లావాదేవీలన్నీ అందరూ చూడగలిగే చిట్టాలో ఉంటాయి. అందులో చూస్తే, అతను ఒకరికి పంపిన సొమ్ము రెండు అడ్రసులకు చీలి ఉంది. ఒకటి చెల్లెలు ఇచ్చింది. రెండోది ఎవరిదో తెలియదు.

దానితో అతనికి అంతా అర్థమైపోయినట్టే అనిపించింది. మాస్టారూ, పోతురాజూ కలిసి ఏదో చేశారు. చెల్లెలికి తెలిసే చేశారు.

ఈ మాఘంలో లిస్బన్ ఆవిడ ఎన్నడూ లేనంత పెద్ద ఆర్డరు తాలూకు సొమ్ము పంపింది. చూడామణి నాలుగో అడ్రసు ఇచ్చింది. పరాంకుశం దాన్ని ముట్టుకోలేదు. ఆషాఢం నాటి పాత అడ్రసుకే పంపుదామనుకున్నాడు. అప్పటికి పోతురాజు ఆటో కొనలేదు కనుక, ఆ అడ్రసులో దోషం లేదని అతని లెక్క. వాలెట్లో పాత లావాదేవీల పట్టీ తెరిస్తే, పైనే కనబడింది. మొదటి అక్షరాలు చూశాడు, చివరి అక్షరాలు చూశాడు, తనకు గుర్తున్నవే. దాన్నే కాపీ చేసి, చెల్లెలి సగం పంపేశాడు.

రెండు రోజులయ్యాక చూడామణి ఫోన్ చేసింది. "ఇంకా రాలేదన్నయ్యా," అంది.

ఇదంతా చెప్పి పరాంకుశం గొంతు పెంచాడు. "ఆమె అడ్రసుకే పంపాను గురువుగారూ. రాలేదంటోంది. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?"

"నీ అనుమానం ఆ అమ్మాయితో అన్నావా?"

"ఎలా అంటాను? చెల్లెలు కదా!"

నాంచారయ్యగారు అతని వంక చూశారు. "ఇప్పుడే రమ్మను," అన్నారు.

గంట తిరక్కుండా చూడామణి వచ్చింది. ఆమెను తీసుకొచ్చింది ఆ ట్రాలీ ఆటోయే. పోతురాజు లోపలికి రాకుండా, వీధిలోనే వేపచెట్టు నీడకు బండి పెట్టుకుని నిలబడ్డాడు. అతను లోపలికి రాకపోవడం కూడా పరాంకుశం మనసులో పెట్టుకున్నాడు.

గురువుగారు ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టారు. "ఈ ఫోన్ల సంగతి నాకు తెలియదమ్మా. ఆషాఢంలో నువ్విచ్చిన అడ్రసు నీ ఫోన్లో తీసి చూసుకుంటూ ఉండు. పరాంకుశం, మొన్న నువ్వు పంపిన అడ్రసు పైకి చదువు. ఒక్కొక్క అక్షరం."

"మొదలూ చివరా ఒకటేనండీ, నేను చూశాను."

"మధ్యలోది కూడా చదువు. మనకేం తొందర లేదు."

పరాంకుశం చదవడం మొదలుపెట్టాడు. "బి." "ఊఁ," అంది చూడామణి. "సి." "ఊఁ." "ఒకటి." "ఊఁ." కథ వింటున్న పిల్లలా ఆమె ఊఁ కొడుతోంది. క్యూ, ఏడు, ఎమ్, కె, మూడు. ప్రతి అక్షరానికీ ఊఁ వస్తుంటే అతని ముఖం గట్టిపడుతోంది. ఇంకాసేపట్లో ఆమె అబద్ధం గురువుగారి ముందు బయటపడుతుంది.

"జెడ్," అన్నాడు.

ఊఁ రాలేదు.

"మళ్లీ చదువన్నయ్యా."

"జెడ్."

"నాది హెచ్."

అతను ఫోను కళ్లకు దగ్గరగా పెట్టుకున్నాడు. తర్వాతి అక్షరం చదివాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. ఆ తర్వాతదీ అంతే. గురువుగారు ఆపమనలేదు కనుక అతను చదువుతూనే ఉన్నాడు. చివరి నాలుగు అక్షరాల దగ్గరకు వచ్చేసరికి ఆమె మళ్లీ ఊఁ కొట్టసాగింది. ఆ నాలుగు ఊఁలూ పైకి రాలేక వచ్చాయి.

ఆమె లేచి వచ్చి అతని ఫోను అందుకుంది. పట్టీ మీద వేలు పెట్టి చూపించింది. "ఇది నువ్వు నాకు పంపింది కాదన్నయ్యా. నీకు ఎవరో పంపింది. చూడు, బాణం లోపలికి ఉంది. పిసరంత చిల్లర వేశారు." ఆగి, మళ్లీ అంది. "ఆ చిట్టాలో మనం పంపుకునేవి చూసి, నా పాతదానిలాగే తలా తోకా కనబడేలా ఒక అడ్రసు చేసుకుని, దాన్ని నీ పట్టీలో పైకి తెచ్చి పెట్టాడు ఎవడో. ఇలాంటివి చేస్తున్నారని మాస్టారు చెప్పారు. నేను నీకు చెప్పాను కూడా. నువ్వు ఊఁ ఊఁ అని పెట్టేశావు."

నిజమే, చెప్పింది. ఆ రోజు ఆమె మాటల్లో అబద్ధం ఎక్కడుందా అని వింటూ, అతను మాటల్ని వినలేదు.

"బ్యాంకువాళ్లకు చెబితే ఆపుతారు కదా?"

"ఇందులో బ్యాంకు లేదన్నయ్యా. వెళ్లింది వెళ్లినట్టే."

అయినా అతని మనసు అనుమానాన్ని ఒక్కసారిగా వదులుకోలేకపోయింది. "మరి ఆ రెండో అడ్రసు ఎవరిది? నేను ఎప్పుడు పంపినా రెండు చోట్లకు పోతోంది, నేను చూశాను," అన్నాడు.

చూడామణి అతన్ని వింతగా చూసింది. "అది నీదే. పెద్ద నోటిస్తే చిల్లర తిరిగి వస్తుంది కదా. మిగిలిన చిల్లరను నీ ఫోనే కొత్త అడ్రసు చేసుకుని మళ్లీ నీ సంచిలోనే వేసుకుంటుంది."

ఇప్పుడు గురువుగారు అడిగారు. "లిస్బన్ ఆవిడకు నువ్విచ్చే అడ్రసు ఎప్పుడూ ఒక్కటేనా పరాంకుశం?"

"ఒక్కటేనండీ."

"చూసి చెప్పు."

అతను ఆవిడకు పంపిన మెసేజీలు తీశాడు. ఆషాఢంలో ఒకటి, భాద్రపదంలో ఒకటి, కార్తీకంలో ఒకటి, మాఘంలో ఒకటి. నాలుగింటిలో ఏ రెండూ ఒకటి కావు. వాలెట్లో మీట నొక్కడం, వచ్చింది వచ్చినట్టు ఆవిడకు తోసెయ్యడం, ఇంతే అతను చేసింది. ఒక్కసారీ తేరిపార చూడలేదు. సముద్రాలకు అవతల, అతని ముఖమైనా ఎరగని మనిషి, అడ్రసు మారిన ప్రతిసారీ మారు మాట్లాడకుండా డబ్బు పంపింది.

చూడామణి కొంగు సర్దుకుని లేచింది. కార్తీకంలో వచ్చిన తుఫానుకు ఆమె బొమ్మలు గీసుకునే షెడ్డు రేకులు ఎగిరిపోయాయి. ఈ డబ్బుతో కప్పు వేయించుకోవాలనుకుంది. షెడ్డు సంగతి అన్నకు తెలుసు, అయినా ఆ మాట ఆమె అనలేదు. వేరే మాట అంది.

"ఇన్ని నెలలు నన్ను దొంగ అనుకుంటూ, రోజూ ఫోన్ చేసి అన్నం తిన్నావా అని ఎలా అడగగలిగావన్నయ్యా?"

జవాబు కోసం ఆగలేదు. పరాంకుశం వెనకాలే గుమ్మం దాకా వెళ్లాడు. పోతురాజు బండి స్టార్టు చేస్తూ, లోపల జరిగిందేమీ తెలియక, "బావా, ఎండగా ఉంది. ఎక్కు, ఇంటి దగ్గర దింపి పోతాను," అన్నాడు. పరాంకుశం చేయి అడ్డంగా ఊపాడు.

సైబర్ పోలీసులకు ఫిర్యాదు ఇచ్చారు. ఒక నంబరు వచ్చింది, డబ్బు రాలేదు. పరాంకుశం ఆ వారంలోనే తన సగం చూడామణి వాలెట్‌కి పంపాడు. ఏడాది పని కోసం దాచుకున్న టేకు దుంగలు అమ్మి, మేస్త్రీని వెంటబెట్టుకుని బందరు వెళ్లి, షెడ్డు మీద రేకులు దగ్గరుండి వేయించాడు. చూడామణి కాదనలేదు. మేస్త్రీకి టీ ఇచ్చింది, అన్నకూ ఇచ్చింది. భోజనానికి ఉండమని మాత్రం అనలేదు. పొద్దు వాలేటప్పుడు పోతురాజు అతన్ని ఆటోలో బస్టాండుకు దింపాడు. దారంతా తెలియనట్టే మాట్లాడాడు గాని, ఈసారి అతనికి తెలుసునని పరాంకుశానికి అర్థమైంది.

ఆ తర్వాత వైశాఖంలో మళ్లీ సొమ్ము వచ్చింది. చూడామణి కొత్త అడ్రసు పంపింది, మరో మాట రాయలేదు. పరాంకుశం ఫోన్ చేశాడు.

"మణీ, నేను చదువుతాను. ఊఁ కొడతావా?"

"చదువు," అంది.

నలభై రెండు అక్షరాలు చదివాడు. ఆమె పొడిపొడిగా నలభై రెండుసార్లు ఊఁ అంది. ముందు వంద రూపాయలపాటి సొమ్ము పంపి, చేరిందని ఆమె చెప్పాక మిగిలింది పంపాడు. ఆషాఢంలో మళ్లీ చదివాడు. ఆ మాటు మధ్యలో అతను ఎన్‌ను ఎమ్ అని చదివితే, "కళ్లజోడు పెట్టుకో అన్నయ్యా, అచ్చులు కూడా ఇలాగే చెక్కుతున్నావా?" అంది. ఆమె నవ్విందో లేదో అతనికి సరిగ్గా వినబడలేదు. ఈసారి ఆ నవ్వు దేనికోసమా అని అతను వెతకలేదు.

ఆ సాయంత్రం అతను గురువుగారి దగ్గరకు వెళ్లాడు. ఆయన పంచలో వక్కలు కత్తిరించుకుంటున్నారు.

"గురువుగారూ, ఇప్పుడు ఒక్క అక్షరం కూడా వదలకుండా మణి చేత సరిచూపించుకుని పంపుతున్నాను. చదువుతున్నంతసేపూ నాలో నాకే తెలియడం లేదు. ఇది ఆమె మీద నమ్మకమా, ఇంకా అనుమానమేనా?"

నాంచారయ్యగారు అడకత్తెర పక్కన పెట్టారు.

"నువ్వు చదువుతుంటే ఆ అమ్మాయి ఊఁ కొడుతోందా?"

"కొడుతోందండీ."

"అయితే చదువుతూ ఉండు," అన్నారు.